మిరియము దేహభారమును తగ్గించునా?

ఏలూరునకు దక్షిణముగా, కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు దీనిలోనికి నీటిని తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతమునకు చేర్చును. ఈ సరస్సులోని మిట్టపై కొల్లేటికోట యను గ్రామమున్నది. ఫాల్గుణమాసమున జరుగు పెద్దింట్లమ్మ తిరునాళ్లకు చుట్టుపట్ల ఊళ్లనుండి జనులు తండోపతండములుగా వత్తురు.

ఈ సీమవారికి చేప ప్రీతికరమైన ఆహారము. కొర్రమీను, జెల్ల, వాలుగ మొదలగు చేపలను వారు పలువిధములుగా వండుదురు. వారి వంటింటి పోపుల పెట్టెలో మిరియమునకు తప్పక చోటుండును. జలుబు చేసినవానికి మిరియాల చారు కాచి యిత్తురు. బాలింతకు మిరియాల కారముతో పథ్యము పెట్టుదురు. మిరియము నోటికి రుచిని, గొంతునకు హాయిని ఇచ్చునని అందరు నెరుగుదురు. ఇటీవల దానికి మరియొక గుణము కూడ ఆరోపింపబడుచున్నది. మిరియము శరీరములోని కొవ్వును కరిగించునట! దానిని ఆహారమున చల్లుకొని తినినచో స్థూలకాయులు సన్నబడుదురట! ఈ మాటలో నిజమెంత?

మిరియము మన దేశపు పంట. పడమటి కనుమల వానసీమలలో అది తీగగా చెట్లపై ప్రాకి పెరుగును. ఆంధ్రదేశమున విశాఖ మన్యపు కాఫీతోటలలో నీడకై పెంచు చెట్లకు ఈ తీగను ప్రాకించుచున్నారు. పచ్చికాయలను కోసి ఎండబెట్టగా పైతోలు ముడుతలుపడి నల్లబారును, అవే మిరియములు. అమెరికా ఖండమునుండి మిరపకాయ 16-వ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు రాకపూర్వము, కూరకు కారము నిచ్చిన ముఖ్యద్రవ్యము మిరియమే. కాకతీయ గణపతిదేవుడు 1244-వ సంవత్సరమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమున, సుంకము చెల్లింపవలసిన సరకులలో మిరియములును పేర్కొనబడినవి.

మిరియపు ఘాటునకు కారణము పైపరిన్ అను పదార్థము. దీనిని 1819-వ సంవత్సరమున డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ వేరుచేసెను. మన నాలుకలో వేడిని గుర్తించు నరములు కొన్ని కలవు. పైపరిన్ సోకినంతనే ఆ నరములు వేడివస్తువు తగిలినట్లే మెదడునకు వార్త పంపును. అందుచేత చల్లారిన మిరియాల చారు త్రాగినను నోరు మండును. ఒక్కొక్కప్పుడు నుదుట చెమట పట్టును. “ఒళ్లు వేడెక్కినది గదా! కొవ్వు కరగుచుండవలెను” అని కొందరు తలచుటకు మూలమిదియే.

కాని చెమట వేరు, కొవ్వు వేరు. మండుటెండలో కొల్లేటిపై గడవేసి పడవ నడపువాడొకడు ఒక లీటరు చెమట కార్చెననుకొందము. అప్పుడతనిని త్రాసులో తూచినచో బరువు ఒక కిలోగ్రాము తగ్గియుండును. గట్టెక్కి ఒక లీటరు మంచినీరు త్రాగినంతనే ఆ బరువు మరల వచ్చును. అతడు కోల్పోయినది నీరు మాత్రమే. నిజముగా కొవ్వు ఖర్చయినపుడు అది ఎక్కడికి పోవును? అది శరీరములో ప్రాణవాయువుతో కలిసి దహనమై, బొగ్గుపులుసు గాలిగాను, నీరుగాను మారును. 10 కిలోల కొవ్వు దహనమైనచో సుమారు 8.4 కిలోలు బొగ్గుపులుసు గాలిగా ఊపిరితో వెలువడును, మిగిలిన 1.6 కిలోలు నీరగును. కొవ్వు పోవు ముఖ్యద్వారము ముక్కేగాని చర్మము కాదు!

ఈ దహనము ఎప్పుడు హెచ్చును? శరీరమునకు శక్తి కావలసినపుడు హెచ్చును. శరీరములో శక్తి ఏరూపమున ఖర్చగునో తెలిపిన మహనీయులలో ఒకరు ఈ కొల్లేటిసీమకు చేరువనున్న భీమవరమున 1895-వ సంవత్సరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసి, కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును 1929లోను కనుగొనిరి. సంతలో సరకునకు నాణెమెట్టిదో, కండరమునకు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అట్టిది. గడవేసినను, పొలము దున్నినను, పరుగెత్తినను ఈ నాణెమే ఖర్చగును. తినిన అన్నముగాని, నిలువయున్న కొవ్వుగాని దహనమై మరల ఆ నాణెములను సమకూర్చును. ఖర్చుకంటె రాబడి హెచ్చినచో మిగులు కొవ్వుగా నిలువయగును. రాబడికంటె ఖర్చు హెచ్చినచో ఆ నిలువ తరగును. దేహభారమునకు సంబంధించిన పద్దు ఇదియే.

ఈ పద్దులో మిరియమున కెంత స్థానమున్నదో లెక్కవేసి చూడవచ్చును. ఆహారశక్తిని కెలోరీలతో కొలుతురు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించు ఉష్ణము ఆహారశాస్త్రమున ఒక కెలోరీ. శరీరములోని ఒక కిలో కొవ్వు నిలువ తరగవలెనన్న సుమారు 7,700 కెలోరీలు ఖర్చు కావలయును. మిరియము వలన శరీరము దినమునకు 10 కెలోరీలు అదనముగా ఖర్చు చేయునని, వాదమునకై ఒప్పుకొందము. అప్పుడు కూడ ఒక కిలో తగ్గుటకు 770 దినములు, అనగా రెండేండ్లకు మించిన కాలము పట్టును. ఈలోపల దినమునకొక గరిటెడు నూనె ఎక్కువ తినినచో లెక్కయంతయు తారుమారగును. ఒక గ్రాము నూనె 9 కెలోరీల నిచ్చును. 15 గ్రాముల నూనెలో 135 కెలోరీలున్నవి.

అయినచో, మిరియము కొవ్వును తగ్గించునన్న వార్త ఎట్లు పుట్టినది? 2012లో కొరియా దేశపు శాస్త్రజ్ఞులు గాజుపాత్రలలో పెంచిన ఎలుక కణములపై పైపరిన్‌ను ప్రయోగించి, అవి కొవ్వుకణములుగా మారుట తగ్గినదని ప్రకటించిరి. ఇది నిజమే. కాని గాజుపాత్రలోని కణము వేరు, భోజనము చేసి నడయాడు మనుష్యుడు వేరు. కణములపై పైపరిన్‌ను సూటిగా పోయవచ్చును; తినిన మిరియమో, జీర్ణకోశమును, కాలేయమును దాటిన పిమ్మటగాని ఇతర భాగములకు చేరదు. ఆ మరుసటి సంవత్సరము ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, బరువెక్కువగానున్న స్త్రీలను ఒక దినమంతయు ప్రత్యేకమైన గదిలో నుంచి, వారు ఖర్చుచేయు శక్తిని యంత్రములతో కొలిచిరి. మిరియము కలిపిన భోజనము తినిన దినమునకు, కలపని భోజనము తినిన దినమునకు చెప్పుకొనదగిన భేదమేమియు కనబడలేదు.

అట్లని మిరియము నిరుపయోగమని తలపరాదు. ఒక యింట కొర్రమీనును నూనెలో మునుగునట్లు వేయించుదురు. వేరొక యింట అదే చేపను చింతపండు పులుసులో, కొద్దిపాటి నూనెతో, మిరియములు దంచి వేసి వండుదురు. కొర్రమీనులో కొవ్వు స్వల్పము. కావున రెండవ యింటివారికి మంచి మాంసకృత్తులు లభించును, అనవసరమైన నూనె తగ్గును. మిరియపు ఘాటు నాలుకకు తృప్తి నిచ్చుటచేత ఉప్పును కూడ కొంత తగ్గింపవచ్చును. దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇచట బరువు తగ్గించునది మిరియము కాదు, తగ్గిన నూనె. మిరియము ఆ మార్పును నోటికి ఇంపుగా చేయును. సహాయకుని యజమానిగా భ్రమింపరాదు.

ఈ భ్రమ వలన హానియు కలదు. గిన్నెలో చల్లిన చిటికెడు మిరియపు పొడికి, గాఢముగా పైపరిన్ నింపిన మాత్రలకు ఎంతో వ్యత్యాసమున్నది. పైపరిన్ ఇతర పదార్థములు రక్తములో చేరుటను హెచ్చించును. బెంగుళూరులోని సెయింట్ జాన్ వైద్యకళాశాల శాస్త్రజ్ఞులు 1998లో, పసుపులోని కర్క్యుమిన్‌కు పైపరిన్ తోడైనచో అది ఎన్నో రెట్లు అధికముగా రక్తములో చేరునని చూపిరి. ఇదే విధముగా మూర్ఛరోగమునకు వాడు ఫెనిటాయిన్ వంటి మందులును పరిమితికి మించి రక్తములో చేరవచ్చును. కావున వైద్యుని సలహా లేక అట్టి మాత్రలు మ్రింగుట ప్రమాదకరము. ఎదుగుచున్న బాలబాలికలు సన్నబడవలెనని అన్నము మానుట అంతకంటె అనర్థకము.

కొల్లేటికోట పులుసుకుండలో మిరియమునకు శతాబ్దములుగా గౌరవస్థానమున్నది. అది రుచికై సంపాదించుకొనిన స్థానము. ఒక వస్తువునకు లేని మహిమను అంటగట్టుట దానికి గౌరవము కాదు. క్రొత్త మాట చెవిని పడినపుడు “దీనిని ఎవరు, ఎవరిపై, ఎట్లు పరీక్షించిరి?” అని ప్రశ్నించువాడు మోసపోడు. మితమైన భోజనము, దినదినము శరీరశ్రమ: ఈ రెండును చేయవలసిన పనిని గుప్పెడు మిరియములు చేయజాలవు.