గోడ మీద ఆడవాళ్ళ పేరు

ఊళ్ళో ఎన్నో చోట్ల పేర్లు రాసి ఉంటాయి. గుడి మెట్ల మీద ఉంటాయి. బడి గది గోడకు అతికించిన రాతి పలక మీద ఉంటాయి. చలివేంద్రం మీద, బస్సు షెల్టరు మీద ఉంటాయి. ఇన్నాళ్ళూ అవి గీతల్లాగా కనపడేవి. ఇప్పుడు మీకు చదవటం వచ్చు. కూడబలుక్కుని చదవండి.

ఎవరి పేర్లు ఎక్కువ ఉన్నాయి? ఎక్కువ చోట్ల మగవాళ్ళవే. ఆడవాళ్ళ పేరు ఉన్నా ఒంటరిగా ఉండదు. "ఫలానా వారి ధర్మపత్ని" అని ఉంటుంది. "ఫలానా వారి తల్లి జ్ఞాపకార్థం" అని ఉంటుంది.

అయితే ఒక పెద్ద గోడ మీద ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఎక్కాయి. అవి ఎవరి భార్య అనో, ఎవరి తల్లి అనో ఎక్కలేదు. వాళ్ళు చేసిన పనికి ఎక్కాయి. ఆ సంగతి తెలుసుకుందాం.

విశాఖపట్నంలో ఏం జరిగింది?

విశాఖపట్నంలో పెద్ద క్రికెట్ స్టేడియం ఉంది. స్టేడియం అంటే ఆటస్థలం. దాని చుట్టూ జనం కూర్చోటానికి మెట్లమెట్లుగా కట్టిన వరుసలు ఉంటాయి. ఒక్కో వైపు ఉన్న వరుసలను స్టాండ్ అంటారు.

2025 అక్టోబరు 12న అక్కడ ఆడవాళ్ళ ప్రపంచ కప్పు ఆట జరిగింది. భారతదేశం, ఆస్ట్రేలియా ఆడాయి. ఆ రోజే ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు పెట్టారు. అదే స్టేడియంలో రావి కల్పన పేరు కూడా పెట్టారు. మిథాలీ 2022లోనే ఆట మానుకుంది. అంటే రిటైర్ అయింది. అయినా జనం ఆమెను మరవలేదు.

మిథాలీ ఎవరు?

మిథాలీ తల్లిదండ్రులు తమిళులు. ఆమె పెరిగింది సికింద్రాబాదులో. తండ్రి విమానదళంలో పనిచేశాడు. మిథాలీకి చిన్నప్పుడు పొద్దున్నే లేవటం బద్ధకం. ఆ బద్ధకం వదలాలని తండ్రి ఆమెను అన్నతో పాటు క్రికెట్ నేర్చుకునే చోటుకు తీసుకుపోయాడు. ఆమె అప్పటికి భరతనాట్యం నేర్చుకుంటూ ఉంది. పోనుపోను ఆటే ఆమె లోకం అయింది.

1999 జూన్‌లో భారత జట్టు తరఫున మొదటి ఆట ఆడింది. అప్పుడు వయసు 16 ఏళ్ళు. ఆ మొదటి ఆటలోనే 114 పరుగులు చేసింది. అవుట్ కాలేదు. 2002లో ఇంగ్లండు మీద ఒకే ఇన్నింగ్స్‌లో 214 పరుగులు చేసింది. 23 ఏళ్ళ పాటు ఆడింది. ఒక్క రోజులో అయిపోయే ఆటను వన్డే అంటారు. వన్డేలలో ఆమె చేసిన పరుగులు 7,805. ఆమె రిటైర్ అయ్యేనాటికి ప్రపంచంలో ఏ ఆడమనిషీ వన్డేలలో అన్ని పరుగులు చేయలేదు.

ఇంత ఆడినా ఒక కోరిక తీరలేదు. ప్రపంచ కప్పు చేతికి రాలేదు. ఆమె కెప్టెన్‌గా ఉండగా భారత జట్టు రెండుసార్లు ఆఖరి ఆట దాకా వెళ్ళింది. 2005లో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. 2017లో ఇంగ్లండు చేతిలో 9 పరుగుల తేడాతో ఓడింది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళ ఆటకు డబ్బు లేదు. రిజర్వేషన్ లేని రైలుపెట్టెల్లో కిట్లు మోసుకుంటూ పోయేవాళ్ళు. 2005 ప్రపంచ కప్పులో ఆటకు 1,000 రూపాయలు ఇచ్చారని మిథాలీ తరవాత చెప్పింది. 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. దేశం తరఫున ఆడే ఆటకు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే ఫీజు అంది. వన్డేకు 6 లక్షల రూపాయలు. ఇద్దరూ ఒకే ఎండలో ఆడుతున్నారు. కూలి మాత్రం వేరేగా ఉండేది. పొలంలో ఆడకూలి, మగకూలి తేడా తెలిసిన వాళ్ళకు ఈ మాట ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ఫీజు పెరిగేనాటికి మిథాలీ ఆట మానేసి నాలుగు నెలలు అయింది. చెట్టు నాటింది ఒకరు. కాయ తిన్నది మరొకరు.

రావి కల్పన ఎవరు?

రావి కల్పనది కృష్ణా జిల్లా. తండ్రి ఆటో నడిపేవాడు. ఆమె వికెట్ కీపర్. అంటే వికెట్ల వెనక నిలబడి బంతి పట్టే మనిషి. 2015లో భారత జట్టులో ఆడింది. మిథాలీ అంత ఎక్కువ ఆటలు ఆడలేదు. అయినా ఆమె పేరు పెట్టారు. ఎందుకు? ఆటో తోలే ఇంట్లో పుట్టిన పిల్ల దేశం జట్టు దాకా వెళ్ళింది. ఆ దారి ఉందని మిగతా పిల్లలకు తెలియాలి గదా!

ఎవరు అడిగారు?

ఈ పేర్లు ఊరికే ఎక్కలేదు. ఒకరు నోరు తెరిచి అడిగారు. ఆమె స్మృతి మంధాన. భారత జట్టులో ఆడే అమ్మాయి. 2025 ఆగస్టులో ఒక సభలో మంత్రి నారా లోకేశ్‌తో మాట్లాడుతూ, ఆడవాళ్ళ పేర్లతో స్టాండ్లు ఉండాలన్న మాట ఎత్తింది. ఆంధ్ర క్రికెట్ సంఘం ఆ మాట పట్టించుకుంది. రెండు నెలలు తిరక్కుండా పేర్లు పెట్టారు. అంతకు ముందు 2025 జనవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఝులన్ గోస్వామి పేరుతో ఒక స్టాండ్ పెట్టారు.

స్మృతి తన పేరు పెట్టమనలేదు. తనకు ముందు నడిచిన వాళ్ళ కోసం అడిగింది. ఇది గమనించాల్సిన సంగతి.

ఒక్కో చోట ఒక్కో మర్యాద

ఆట మానేసిన వాళ్ళను గౌరవించే పద్ధతులు చాలా ఉన్నాయి. మన పక్క శాలువా కప్పుతారు. దండ వేస్తారు. ఊరేగిస్తారు. అమెరికాలో బాస్కెట్ బాల్ ఆట ఉంది. ఎత్తున కట్టిన వలబుట్టలో బంతి వేసే ఆట అది. అక్కడ గొప్ప ఆటగాడు రిటైర్ అయితే అతని చొక్కా మీది నంబరును ఇంకెవరికీ ఇవ్వరు. చొక్కాను ఆటశాల పైకప్పుకు వేలాడదీస్తారు. బిల్ రస్సెల్ అనే ఆటగాడు 11 సార్లు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆయన 2022లో చనిపోయాడు. ఆయన నంబరు 6. ఆ ఏడే ఆ నంబరును అక్కడి పెద్ద లీగులో ఉన్న అన్ని జట్లూ పక్కన పెట్టాయి.

చొక్కా అయినా, స్టాండ్ అయినా అర్థం ఒక్కటే. "నువ్వు పోయిన దారి మాకు గుర్తుంది" అని చెప్పటం.

పేరు పెడితే కడుపు నిండుతుందా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒట్టి పేరుతో కడుపు నిండదు. ఆడుకోటానికి స్థలం కావాలి. నేర్పే మనిషి కావాలి. తినటానికి తిండి కావాలి. పదో తరగతి కాకముందే పెళ్ళి చేయకుండా ఉండాలి. ఇవేవీ లేకుండా పేరు ఒక్కటే పెడితే అది సున్నం వేసిన గోడే.

అయినా పేరుకు ఒక బలం ఉంది. "ఆటలు మొగపిల్లకాయలకు గదా" అని ఇంట్లో అంటారు. అప్పుడు పిల్ల ఏమని చెప్పాలి? గోడ మీద పేరు ఉంటే చూపించి చెప్పగలదు. కళ్ళకు కనిపించే పేరును ఎవరూ కాదనలేరు.

పొరుగు జిల్లా పిల్ల

కొమరోలుకు కడప జిల్లా పొరుగే. ఆ జిల్లాలో వీరపునాయునిపల్లె మండలం ఉంది. శ్రీచరణిది ఆ మండలమే. ఎడమ చేత్తో బంతి తిప్పి వేస్తుంది. మిథాలీ పేరు పెట్టిన రోజు విశాఖలో ఆడిన జట్టులో ఆమె ఉంది. ఆ రోజు 3 వికెట్లు తీసింది. ఆట మాత్రం ఆస్ట్రేలియా గెలిచింది.

జట్టు అక్కడితో ఆగిపోలేదు. 2025 నవంబరు 2న ముంబయి పక్కన ఆఖరి ఆట జరిగింది. దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో భారత్ గెలిచింది. ఆడవాళ్ళ ప్రపంచ కప్పు మన దేశానికి రావటం అదే మొదటిసారి. ఆ కప్పు ఆటలన్నింటిలో శ్రీచరణి 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది.

గెలిచిన రాత్రి ఆ పిల్లలు ఒక పని చేశారు. రిటైర్ అయిన మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాలను మైదానంలోకి పిలిచారు. కప్పు వాళ్ళ చేతుల్లో పెట్టారు. 23 ఏళ్ళు ఆడినా అందని కప్పు మిథాలీ చేతికి అట్లా అందింది. శాలువాలు, దండలు ఎన్ని ఉన్నా దాని ముందు చిన్నవే.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఏ గోడ మీదయినా ఆడవాళ్ళ పేరు ఒంటరిగా ఉందా? ఎవరిది? ఏం చేసినందుకు?

2. ఎన్నో కాన్పులు చేసిన మంత్రసాని, ముందుగా పదో తరగతి పాసైన ఆడపిల్ల, సారా వద్దని నిలబడిన అక్క. ఇట్లాంటి వాళ్ళు మీ ఊళ్ళో ఎవరు? డ్వాక్రా సంఘం మీటింగులో వాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాయండి. ఎవరి భార్య అని కాదు. ఏం చేసిందో రాయండి.

3. మీ పంచాయతీ బడిలో ఆడపిల్లలు ఆడుకోటానికి స్థలం ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి? అడిగే కాగితం మీరే రాయండి. కింద సంతకం చేయండి. వేలిముద్ర వద్దు. మీ పేరు మీరే రాయండి.