అమ్మీ మాట ఎవరు చెప్పాలి?

మన సొసైటీ సభ్యుల పిల్లల్లో కొందరు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారు. వారి వెంట వెళ్లిన తల్లిదండ్రులు అక్కడే ముసలివాళ్లవుతున్నారు. అందుకే ఈ సంచికలో ఆ దేశపు వృద్ధుల సంరక్షణ గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

అక్కడ ముందుగా ‘మై ఏజ్డ్ కేర్’లో పేరు నమోదు చేయించుకోవాలి. తర్వాత ఒక అధికారి వచ్చి, మాట్లాడి, ఏ సాయం ఎంత కావాలో అంచనా వేస్తారు. స్నానానికో వంటకో ఇంటికి మనిషి వస్తారా, వృద్ధాశ్రమంలో చేరాలా అన్నది ఆ మాటలను బట్టే తేలుతుంది.

చిక్కంతా అక్కడే. కొడుకో కోడలో పక్కన కూర్చుని తర్జుమా చేస్తారు. మూత్రం ఆపుకోలేకపోతున్నానని కోడలి ముందు చెప్పే అత్తగారు మన ఇళ్లలో ఎందరుంటారు? “అల్‌హమ్దులిల్లా, బాగానే ఉన్నాను” అంటుంది. కాగితం మీదా అదే ఎక్కుతుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన బిడ్డలు మంచి దుబాసీలు కాలేరు. ప్రభుత్వ దుబాసీ సేవ ‘టిస్ నేషనల్’ 131 450 నంబరులో రాత్రింబగళ్లు పలుకుతుంది. మై ఏజ్డ్ కేర్‌తో మాట్లాడటానికి దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఆడ దుబాసీ కావాలనీ అడగవచ్చు.

ఇండియా నుంచి వచ్చారు కదా అని ఫారంలో ‘హిందీ’ అని రాయనివ్వకండి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడిన మనిషికి ఏది నోటికి దగ్గరో అదే రాయించాలి. డిమెన్షియా ముదిరినప్పుడు తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోయి, చిన్ననాటి మాట మిగలడం తరచూ జరిగేదే.

వృద్ధుల పట్ల నిర్లక్ష్యంపై 2018లో వేసిన రాయల్ కమిషన్ 2021లో తుది నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన కొత్త చట్టం 2025 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. తమ సంస్కృతికి తగిన సేవ, తమకు నచ్చిన భాషలో మాట, అవసరమైతే దుబాసీ – ఇవన్నీ అందులో హక్కులుగా ఉన్నాయి. కనుక హలాల్ భోజనం, వజూకు నీళ్లు, ఆడవారికి ఆడమనిషి చేతే స్నానం కోరడం గొంతెమ్మ కోరిక కాదు. మొహమాటపడితే ఎవరూ ఊహించి చేయరు.

అయితే ‘హలాల్’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. జెల్లీలో, మందు గొట్టాల్లో ఉండే జెలటిన్ సంగతీ చెప్పాలి. షుగరు ఉన్నవారు రోజాల గురించి రంజానుకు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి మంచం దగ్గర అంటించండి: ఎలా పిలవాలి, ఏ భాష, ఏం తినరు, నమాజు వేళలు, కిబ్లా ఏ గోడ వైపు.