విస్తరణ కార్యక్రమాల ఫలితాలు: లెక్క ఎక్కడ మొదలు పెట్టాలి?

ఏటా మార్చి నెల దాటిన తరువాత సంఘాల వార్షిక నివేదికలు మా చేతికి వస్తాయి. జమా ఖర్చుల పట్టిక, పాల సేకరణ పట్టిక చాలావరకు సక్రమంగానే ఉంటాయి. విస్తరణ కార్యక్రమాల పుటకు వచ్చేసరికి మాత్రం వ్రాత ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది: "సదస్సులు 6, హాజరైనవారు 214, పంచిన కరపత్రాలు 500, కార్యక్రమాలు జయప్రదంగా ముగిసినవి." ఇది చదివిన తరువాత ఏ ఒక్క సభ్యుని ఇంట అర లీటరు పాలు పెరిగినవో, దాణా ఖర్చు తగ్గినదో, దూడ బ్రతికినదో తెలియదు. షామియానా అద్దెకు, ఫలహారాలకు, కరపత్రాల అచ్చుకు అయిన డబ్బు మాత్రం తెలుస్తుంది. అది సభ్యుల డబ్బు. ఆ ఖర్చు లేకపోతే బోనసు రూపంలో వారి చేతికే అందవలసిన డబ్బు.

విస్తరణ ఫలితాలను ఏడు మెట్లుగా చూడవచ్చునని 1975లో అమెరికా వ్యవసాయ విస్తరణ రంగానికి చెందిన క్లాడ్ బెన్నెట్ వివరించారు. మొదటి మెట్టు మనం పెట్టిన డబ్బు, మనుషులు. రెండవది జరిపిన పనులు. మూడవది హాజరు. నాలుగవది వచ్చినవారి అభిప్రాయం. ఐదవది వారికి కలిగిన తెలివిడి, నేర్పు. ఆరవది ఆచరణ. ఏడవది చివరి ఫలితం, అంటే పాలు, ఆదాయం, పశువు ఆరోగ్యం. పై మెట్టుకు పోయేకొద్దీ కొలవడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. మన నివేదికలలో అధిక భాగం మూడవ మెట్టు దగ్గరే ఆగిపోతున్నవి. ప్రతి కార్యక్రమాన్నీ ఏడవ మెట్టు దాకా కొలవమని మేము అనడం లేదు. ఆరవ మెట్టు, అంటే "చెప్పినది ఎందరు చేస్తున్నారు" అన్న లెక్క, ఒక నోటుపుస్తకంతో ఏ సంఘమైనా తీయగలదు.

ఇందుకు మాగవేసిన వరిగడ్డి సంగతి మంచి ఉదాహరణ. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచితే గడ్డి మెత్తబడి, మాంసకృత్తుల విలువ పెరిగి, పశువుకు బాగా జీర్ణమవుతుంది. (తీసిన గడ్డిని ఘాటు పోయేవరకు ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువు త్రాగితే ప్రాణాపాయం.) శాస్త్రం దృష్ట్యా ఇందులో లోపం లేదు. 1980ల నుంచి మన దేశంలో ఎన్నో గ్రామాలలో ప్రదర్శనలు జరిగినవి. ప్రదర్శనల సంఖ్య చూస్తే ఘనవిజయమే. కాని ప్రదర్శన తరువాత సొంతంగా, ఏటేటా గడ్డి మాగవేసుకొన్న రైతులు చాలా తక్కువ. కారణాలు గ్రామంలో అడిగితే తెలిసేవే. నీరు దూరం నుంచి మోయాలి. కప్పడానికి ప్లాస్టిక్ పట్టా కొనాలి. కోతలు, నూర్పిళ్ళ రోజులలో మనుషులు దొరకరు. పచ్చిమేత ఉన్న ఇంట దీని అవసరం అంతగా కనబడదు. ప్రదర్శన జరిగిన మూడు నెలలకు ఒకరు ఊరంతా తిరిగి "మాగవేసిన గడ్డి ఎన్ని ఇళ్ళలో ఉన్నది, లేనిచోట ఎందుకు లేదు" అని వ్రాసి ఉంటే, మరుసటి ఏడు ఆ డబ్బు పచ్చిమేత విత్తనాల మీదో, ఖనిజ లవణ మిశ్రమం మీదో పెట్టి ఉండవచ్చును.

కనుక లెక్క సదస్సు తరువాత కాక సదస్సుకు ముందే మొదలు కావాలి. "పరిశుభ్రమైన పాల ఉత్పత్తిపై అవగాహన కల్పించుట" అని వ్రాసుకొంటే అది ఎప్పటికీ నెరవేరినట్లే ఉంటుంది, ఎప్పటికీ నెరవేరదు కూడా. ఇలా వ్రాసి చూడండి: "మా సంఘంలో 120 మంది పాలు పోస్తున్నారు. ఈ నెల లెక్క తీయగా 35 మంది మాత్రమే స్టీలు, అల్యూమినియం పాత్రలు తెస్తున్నారు, మిగిలినవారు ప్లాస్టిక్ డబ్బాలు తెస్తున్నారు. సాయంత్రపు పాలు నెలకు 4 క్యాన్లు విరుగుతున్నవి. ఆరు నెలలలో 80 మంది లోహపు పాత్రలు తేవాలి, విరిగే క్యాన్లు నెలకు 1కి మించరాదు." ఈ అంకెలు ఉదాహరణకే. మీ అంకెలు మీ రిజిస్టర్లలోనే ఉన్నవి. విరిగిన పాల లెక్క ఎలాగూ వ్రాస్తున్నారు. శీతలీకరణ కేంద్రంలో మిథిలీన్ బ్లూ పరీక్ష చేస్తున్నట్లయితే, మీ సంఘం పాలలో నీలిరంగు ఎంతసేపు నిలిచినదో అడిగి వ్రాసుకొనండి. రంగు ఎంత ఎక్కువసేపు నిలిస్తే పాలలో సూక్ష్మజీవులు అంత తక్కువ అని అర్థం.

ఇక పాల పరిమాణం లెక్కలో జరిగే పొరపాటు ఒకటున్నది, దానిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. మన గేదెలు ఎక్కువగా వర్షాకాలం నుంచి చలికాలం లోపు ఈనుతాయి. జూన్ నెలలో దాణాపై సదస్సు పెట్టి, డిసెంబరు సేకరణ చూపి "పాలు రెట్టింపు అయినవి" అని వ్రాస్తే, ఆ ఘనత సదస్సుది కాదు, ఈతల కాలానిది. ఎప్పుడూ నిరుటి డిసెంబరుతో ఈ డిసెంబరును పోల్చాలి. అదీ మొత్తం లీటర్లు కాక, పాలు పోసే సభ్యుడొక్కింటికి, వీలైతే పాలిచ్చే పశువొక్కింటికి లెక్క కట్టాలి. ప్రైవేటు కేంద్రం మూతపడి పాతికమంది మన దగ్గరకు వస్తే సేకరణ పెరుగుతుంది. అందులో విస్తరణకు సంబంధం లేదు. ధర పెరిగినా ఇంటి వాడకం తగ్గించి పోస్తారు.

దీనికి సులువైన ఉపాయం, సలహా పాటించిన 20 ఇళ్ళను, పాటించని 20 ఇళ్ళను తీసుకొని రెండింటినీ చూడడం. పాటించినవారి పాలు ఇంటికి 4 లీటర్ల నుంచి 5 లీటర్లకు పెరిగినవనుకొందాం. పాటించనివారివి కూడా 4 నుంచి 4.7కు పెరిగితే, మన కార్యక్రమం పేర వ్రాసుకోదగినది 0.3 లీటరు మాత్రమే. ముందుకు వచ్చి సలహా పాటించేవారు సహజంగానే శ్రద్ధగల రైతులు కనుక, ఆ 0.3 కూడా పూర్తిగా మనదని అనలేము. అయినా ఒక లీటరు పెరిగినదని గొప్పగా చెప్పుకోవడం కంటే ఇది నిజానికి దగ్గర.

కొన్ని ఫలితాలు ఆ సంవత్సరంలో రావు. కృత్రిమ గర్భధారణ సూదులు ఎన్ని వేశారన్నది పని లెక్కయే. రెండు, మూడు నెలల తరువాత చూడి పరీక్షలో ఎన్ని నిలిచినవన్నది దాని తరువాతి లెక్క. గేదె సుమారు 310 రోజులకు, ఆవు సుమారు 280 రోజులకు ఈనుతుంది. అందుచేత ఈ ఏటి సూదుల ఫలితం వచ్చే ఏటి నివేదికలో కనబడాలి. పాత నోటుపుస్తకం మూసివేసి కొత్తది తెరిచే అలవాటు ఇక్కడ పనికిరాదు. "ఫలితం తెలియుటకు ఇంకా సమయం ఉన్నది" అని వ్రాయడంలో చిన్నతనం లేదు.

హాజరు పట్టీ గురించి ఒక మాట. పగలు పదకొండు గంటలకు సదస్సు పెడితే సంతకాలు పెట్టేవారు మగవారు. గేదెకు మేత వేసేది, పాలు పిండేది, వేసవిలో మూగ ఎదను పసిగట్టేది అధికంగా స్త్రీలు. ఆ వేళకు వారు పొలంలో ఉంటారు. సభ్యత్వం భర్త పేర ఉన్నంత మాత్రాన శిక్షణ కూడా భర్తకే ఇస్తే, పొదుగు కడుక్కొనే పద్ధతి పిండేవారికి చేరదు. హాజరు పట్టీలో "మీ ఇంట పాలు పిండేవారెవరు?" అని ఒక గడి చేర్చండి. కేంద్ర ప్రభుత్వం 1986-87లో మహిళల శిక్షణ, ఉపాధి కొరకు ప్రారంభించిన స్టెప్ పథకం క్రింద మహిళా పాడి సంఘాలకు సహాయం అందడానికి ఒక కారణం ఇదే.

పాలు పెరగకుండానే మేలు జరగడం కూడా కలదు. జాతీయ డెయిరీ ప్రణాళిక మొదటి దశ 2012లో మొదలై 2019లో ముగిసినది. అందులో జరిపిన సమతుల దాణా కార్యక్రమంలో పశువు చెవికి 12 అంకెల పోగు వేసి, ఆ ఇంట దొరికే మేతలనుబట్టి తక్కువ ఖర్చులో మేపు నిర్ణయించారు. అక్కడ చూసినది లీటర్లు మాత్రమే కాదు, లీటరు పాలకు మేత ఖర్చు ఎంత అని కూడా. అవసరానికి మించి తవుడు, చెక్క పెడుతున్న ఇంట ఖర్చు తగ్గితే సభ్యునికి మిగిలేదీ డబ్బే. ఇది పాల సేకరణ పట్టికలో ఎన్నటికీ కనబడదు. ఇంటికి పోయి అడిగితేనే తెలుస్తుంది.

కొన్ని సంఘాల కార్యదర్శులు, ఫలితం రాలేదని వ్రాస్తే వచ్చే ఏడు నిధులు తగ్గుతాయేమో అని సందేహిస్తున్నారు. మా తనిఖీలో మేము చూసేది వేరు. "నట్టల మందు 90 దూడలకు ఇచ్చితిమి, రెండవ మోతాదుకు 40 మాత్రమే దొరికినవి, మిగిలినవారు ఆ రోజు పొరుగూరి సంతకు పోయినారు" అని వ్రాసిన నివేదిక మాకు ఆరు జయప్రదమైన సదస్సుల కంటే ఉపయోగకరం. వచ్చేసారి సంత లేని రోజున మందు వేయవచ్చును.

నివేదికను యూనియన్‌కు పంపే ముందు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించండి, ఒక ప్రతిని పాలకేంద్రం గోడకు అంటించండి. ఎవరి ఇంట ఏమి జరుగుతున్నదో ఊరివారికి తెలుసు కనుక తప్పు అంకె అక్కడ నిలవదు. కార్యక్రమం తేదీ నిర్ణయించే తీర్మానంలోనే మూడు నెలల తరువాత ఇంటింటికి పోయి చూసేవారి పేరు, తేదీ కూడా వ్రాయించండి. ఈ సంవత్సరం తనిఖీకి వచ్చినపుడు మేము మొదట అడిగేది ఆ రెండవ తేదీ నాటి నోటుపుస్తకం.