గ్రేవీలో ఒక్క వాసనే మిగిలితే

ఆదివారం పొద్దున పదకొండింటికి హైదరాబాదులోని గోపన్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కినా ఉల్లిపాయలు వేగుతున్న వాసన ఎదురొస్తుంది. వారమంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో పనిచేసి, రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో ఇల్లు చేరేవాళ్లు ఆ ఒక్క పూట పెద్ద మూకుడు నిండా గ్రేవీ చేసి డబ్బాల్లో సర్దుకుంటారు. సోమవారం అందులో పనీర్, మంగళవారం గుడ్లు, బుధవారం బంగాళదుంప. పావుగంటలో కూర సిద్ధం. మంచి అలవాటే. కాకపోతే ఆ మూకుట్లో ఒక్క పొరపాటు జరిగితే వారమంతా ఆ పొరపాటునే తినాల్సి వస్తుంది.

కిందటి నెల మా పక్క ఫ్లాట్ అమ్మాయి ఒక గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఇందులో ఏదో ఎక్కువైంది. ఏదో తెలియడం లేదు. సర్దుకుంటుందేమోనని ఇంకో చెంచా గరం మసాలా వేశాను. ఇంకా పాడైంది."

చెంచా కొసతో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ముందు తియ్యటి ఘాటు తగిలింది, కాసేపటికి నాలుక చివర మొద్దుబారింది. పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నప్పుడు వచ్చే వాసన. "లవంగాలు ఎన్ని వేశావమ్మా?" అని అడిగాను. లెక్కపెట్టలేదట. పొడి కొట్టి ఒక చెంచా వేసిందట.

చిన్న చెంచాడు లవంగాల పొడి అంటే ఇరవైకి పైగా లవంగాలు. కిలో ఉల్లిపాయల గ్రేవీకి నాలుగైదు చాలు. లవంగ నూనెలో అధిక భాగం యూజెనాల్ అనే పదార్థం. దానికి తిమ్మిరి ఎక్కించే గుణం ఉంది కాబట్టే పంటి నొప్పికి లవంగం పెట్టుకుంటాం. తప్పు అక్కడ మొదలైంది. దాని మీద గరం మసాలా వేయడంతో రెట్టింపైంది, ఎందుకంటే గరం మసాలాలోనూ లవంగం ఉంటుంది. ఎక్కువైన వాసనను ఇంకో మసాలాతో కప్పలేం. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం గ్రేవీలు బాగుపడతాయి.

ముందు ఏది ఎక్కువైందో పట్టుకోండి

పొయ్యి దగ్గర అరగంట నిలబడిన ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. అందుకని ముందు స్టవ్ కట్టేసి, బాల్కనీలోకి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. మంచినీళ్లు తాగి రండి. గ్రేవీ గోరువెచ్చగా అయ్యాక రుచి చూడండి. పొగలు కక్కే గ్రేవీలో నాలుకకు వేడి తప్ప ఏదీ సరిగ్గా అందదు.

ఇప్పుడు నాలుగు చిన్న గిన్నెలు తీసుకుని, ఒక్కోదాంట్లో రెండు చెంచాల గ్రేవీ వేయండి. మొదటిదాంట్లో రెండు చెంచాల వేడినీళ్లు, రెండోదాంట్లో చిటికెలో సగం ఉప్పు, మూడోదాంట్లో చిటికెడు పంచదార, నాలుగోదాంట్లో ఒక చెంచా మీగడో జీడిపప్పు ముద్దో కలపండి. ఒక్కొక్కటీ రుచి చూడండి.

నీళ్లు కలిపింది బాగుంటే గ్రేవీ మరీ చిక్కబడిందంతే. ఉప్పు వేసింది మెరుగైతే మీ శత్రువు చేదు. ఉప్పు చేదును అణుస్తుందని వంటింటి అనుభవం ఎప్పటినుంచో చెబుతోంది. అమెరికా శాస్త్రవేత్తలు బ్రెస్లిన్, బోషాం 1997లో నేచర్ పత్రికలో ఆ మాటే నిరూపించారు. పంచదార వేసింది బాగుంటే పులుపు ఎక్కువైంది. మీగడ వేసింది నెమ్మదించిందంటే కారమో, లవంగం లాంటి ఘాటు దినుసో హద్దు దాటింది. ఆ ఘాటు నీళ్లలో కంటే కొవ్వులో బాగా కరుగుతుంది కాబట్టి మీగడ దాన్ని పట్టి ఉంచుతుంది.

మొత్తం మూకుడు మీద ప్రయోగాలు చేయకుండా ఎనిమిది చెంచాల గ్రేవీతో విషయం తేలిపోతుంది.

పచ్చివాసన, చేదు: ఉల్లి, వెల్లుల్లి

ఎక్కువ ఇళ్లలో వచ్చే ఇబ్బంది లవంగం కాదు, ఉల్లి పచ్చివాసన. దీనికి కారణం తరచూ మిక్సీయే. ఉల్లి, వెల్లుల్లి కణాల్లో గంధకంతో కూడిన పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే ఎంజైము మరోచోట ఉంటాయి. కోసినా దంచినా ఆ రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. కత్తితో కోస్తే కొన్ని కణాలే తెగుతాయి. మిక్సీలో వేస్తే దాదాపు అన్నీ చితికిపోతాయి. వెల్లుల్లిలో ఇలా పుట్టే అల్లిసిన్‌ను కావలీటో, బెయిలీ 1944లోనే వేరుచేసి చూపించారు.

వేడికి ఆ ఎంజైము పనిచేయడం మానేస్తుంది. కాబట్టి ముందు వండి, తర్వాత రుబ్బాలి. ఉల్లిపాయల్ని నిలువుగా చీల్చి, నూనెలో చిటికెడు ఉప్పుతో మగ్గించి, లేత బంగారు రంగు వచ్చాక చల్లార్చి మిక్సీ పట్టండి. పచ్చి ఉల్లిని రుబ్బి వేయిస్తే ఎంతసేపు వేయించినా అడుగున ఒక చేదు మిగిలిపోవచ్చు. వెల్లుల్లి ముద్దను నూనెలో వేశాక అది చిటపటలాడడం తగ్గి, ముద్ద చుట్టూ నూనె తేలేదాకా వేయించాలి. ప్యాకెట్లో కొన్న అల్లం వెల్లుల్లి ముద్దలో నిల్వ కోసం వేసిన ఉప్పు, పులుపు కూడా ఉంటాయి. దాన్ని ఇంకాస్త ఓపిగ్గా వేయించండి, ఉప్పు తగ్గించి వేయండి.

ఇప్పటికే పచ్చివాసన ఉన్న గ్రేవీ చేతిలో ఉంటే దానికి మందు ఉంది. వెడల్పాటి మూకుట్లో మూడు చెంచాల నూనె వేడిచేసి, గ్రేవీని పోసి, మూత పెట్టకుండా సన్న సెగ మీద పదిహేను, ఇరవై నిమిషాలు కలుపుతూ ఉండండి. ఆవిరితో పాటు ఆ వాసన చాలావరకు పోతుంది. మూత పెడితే అది మళ్లీ గ్రేవీలోకే దిగుతుంది.

మాడు వాసనకు మాత్రం మందు లేదు. అడుగంటిందని అనుమానం రాగానే గీకకుండా పైపైన గ్రేవీని మరో గిన్నెలోకి ఒంపేయండి. మెంతులు నల్లబడ్డా, ధనియాల పొడి మాడినా ఆ చేదు ఎక్కడికీ పోదు. అప్పుడు పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే లాభం.

పులుపు, కారం, ఉప్పు

నాటు టమాటా వేసినప్పుడు గ్రేవీ పుల్లబడడం మామూలే. ఉల్లి ఎక్కువ వేస్తే దాని తీపి పులుపును ఆపుతుంది. కిలో ఉల్లికి అరకిలో టమాటా నాకు కుదిరిన లెక్క. అప్పటికే పుల్లబడిందనిపిస్తే చిన్న బెల్లం ముక్క వేయండి. చాలకపోతే చిటికెడు వంటసోడా కలపండి. నురగ వస్తుంది, అది ఆగాక రుచి చూడండి. సోడా పులుపును నిజంగానే విరిచేస్తుంది. బెల్లం విరవదు, నాలుకకు తెలియకుండా చేస్తుందంతే. సోడా రెండో చిటికెడు వేస్తే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త.

కారం విషయంలో మిరప రకం చూసుకోవాలి. తేజ మిరపది మంట, బ్యాడిగి మిరపది రంగు. రంగు కోసం తేజ కారాన్ని రెండు చెంచాలు వేస్తే నోరు మండడం ఖాయం. దీనికి పాలు, పెరుగు, జీడిపప్పు ముద్ద పనిచేస్తాయి. నీళ్లు పెద్దగా పనిచేయవు.

ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేయమంటారు. దుంప ఉప్పును ఏరి పీల్చుకోదు. ఉప్పునీటినంతా పీల్చుకుంటుంది, మిగిలిన గ్రేవీ అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పులేని ఉల్లి టమాటా ముద్ద ఇంకొంత చేసి కలపడమే దారి.

హైదరాబాదు సాలన్ సంగతి

మిర్చీ కా సాలన్, బగారా బైంగన్‌ల ముద్ద వేరు. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు. అక్కడ మీదికొచ్చేది నువ్వుల చేదు. చింతపండు కాక మిగతా మూడింటినీ ఒకే పెనంలో ఒకేసారి వేయిస్తే పల్లీలు వేగేలోపు నువ్వులు మాడతాయి. విడివిడిగా వేయించండి. నువ్వులు నాలుగు చిటపటమనగానే దించి, వేడి పెనంలో వదిలేయకుండా పళ్లెంలోకి తీసేయండి.

ఇదే ఊరి వంటలో ఘాటు దినుసుల్ని అదుపులో పెట్టే ఉపాయం కూడా ఉంది. నిహారీ లాంటి వంటకాలకు దినుసుల్ని పల్చటి బట్టలో మూటకట్టి వేస్తారు. దాన్నే పోట్లీ కా మసాలా అంటారు. వాసన చాలనిపించగానే మూట తీసి పక్కన పెట్టొచ్చు. పొడి చేసి కలిపినదాన్ని అలా వెనక్కి తీసుకోలేం.

తల్లి గ్రేవీ సాదాగా ఉండాలి

బ్రిటన్‌లోని కర్రీ హౌస్‌లలో చాలావాటిని బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వెళ్లిన కుటుంబాలు నడుపుతున్నాయి. వాళ్లు ఉల్లిపాయల్ని పెద్ద గిన్నెలో మెత్తగా ఉడికించి, రుబ్బి, అతి తక్కువ మసాలాతో ఒక పలచటి గ్రేవీ, అంటే తల్లి గ్రేవీ, చేసి ఉంచుకుంటారు. ఏ కూర అడిగినా పెనంలో ఆ కూరకు తగ్గ మసాలా వేయించి, ఈ గ్రేవీ పోస్తారు. గ్రేవీకి సొంత గొంతు లేకపోవడమే దాని బలం. పనీర్‌కు కావాల్సింది గుడ్లకు అక్కర్లేదు కదా.

ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. జార్జియా విశ్వవిద్యాలయంలో పనిచేసే అమెరికా జాతీయ గృహ ఆహార నిల్వ కేంద్రం ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది: గడ్డకట్టించి నిల్వ ఉంచితే లవంగం, మిరియం, వెల్లుల్లి ఘాటు, చేదు పెరుగుతాయి. అంటే ఆదివారం సరిగ్గా ఉన్న లవంగం పది రోజుల తర్వాత ఎక్కువ కావచ్చు. అందుకే ఉల్లి, టమాటా, కాస్త అల్లం, పసుపు, ఉప్పు వరకే తల్లి గ్రేవీలో వేయండి. గరం మసాలా, కసూరీ మేతీ ఆ రోజు కూరలో, దించే ముందు వేసుకోండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు సరిపడా ఉంచి, మిగతాది ఫ్రీజర్‌లో చిన్న డబ్బాలుగా పెట్టండి.

ఇంతకీ ఆ గిన్నె ఏమైంది

లెక్క చూశాం. ఇరవై లవంగాల గ్రేవీని ఐదు లవంగాల ఘాటుకు తేవాలంటే దానికి మూడింతల సాదా గ్రేవీ కలపాలి. ఇద్దరున్న ఇంట్లో ఒకేసారి అంత ఎవరు తింటారు? అందుకని దాన్ని గ్రేవీ అనుకోవద్దని, మసాలా ముద్ద అనుకోమని చెప్పాను. ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టించి, పొద్దున పైన తేలిన ఎర్రటి నూనెను చెంచాతో తీయించాను. లవంగం ఘాటులో చాలా భాగం ఆ నూనెలోనే ఉంటుంది. ఆ నూనెతో వేరే లవంగం వేయకుండా బగారా అన్నం వండింది. అడుగున మిగిలిన ముద్దను, మూడు గరిటెల సాదా గ్రేవీకి ఒక గరిటె చొప్పున నాలుగు రోజులు వాడుకుంది. ఒక్క చెంచా పారబోయలేదు.

మీ గ్రేవీ ఈసారి తేడా కొడితే చేయి మసాలా డబ్బా వైపు పోనివ్వకండి. స్టవ్ కట్టేయండి, బాల్కనీలోకి వెళ్లి రండి, నాలుగు గిన్నెలు తీయండి. వచ్చే ఆదివారం మాత్రం లవంగాల్ని అరచేతిలో పోసుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి వేయండి.