చేతిలో సెల్‌ఫోను, నోటిలో ఖైనీ

నిరుటి వేసవిలో ప్రొద్దుటూరు నుండి ఒక తల్లి తన కుమారుని నా వద్దకు తీసుకుని వచ్చింది. బంగారు అంగడిలో పనిచేసే యువకుడు. "వానికి నిద్దర పట్టదు సామీ, ఏదన్నా లేహ్యం ఇయ్యండి" అన్నదామె. ఎర్రబడిన కళ్ళు, నాలుకపై పూత, మలబద్ధకం, చిరాకు. వాతప్రకోపమని చూడగానే తెలుస్తున్నది. కారణమే తెలియలేదు.

తల్లిని బయట కూర్చోబెట్టి అడిగితే విషయం తేలింది. రాత్రి పది గంటలకు పడకపై చిన్న చిన్న వీడియోలతో మొదలు. వాటి నడుమ క్రికెట్టు. ఆ వీడియో క్రింద ఒక టెలిగ్రాం గుంపు చిరునామా. ఆ గుంపులో పందేలు. రెండు గంటల దాకా మెలకువగా ఉండడానికి ఖైనీ, ఓడిన రాత్రి మద్యం. తల్లి గాజులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు.

వెనుకటి రోజులలో మా కడప, కర్నూలు వీధులలో మట్కా ఆడదలచినవాడు చీటీలు వ్రాసేవానిని వెదుక్కుంటూ పోవాలి. తాగదలచినవాడు మరొక వీధికి పోవాలి. ఇప్పుడు ఒక వ్యసనం రెండవదానిని ఇంటికే పిలుచుకుని వస్తున్నది. మనం దేనిని ఎక్కువసేపు చూస్తామో గమనించి, దానినే మరింతగా వడ్డించడం ఈ మాధ్యమాల పద్ధతి.

అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాలపై పరీక్షలు చేశాడు. పొడిచిన ప్రతిసారీ గింజ పడే మీటకంటే, ఎప్పుడు పడుతుందో తెలియని మీటనే అవి విడువక పొడిచేవి. పందెంలోనూ, వేలితో తోసే వీడియోలోనూ ఉన్నది ఈ ఆశే. నికోటిన్, మద్యం కూడా మెదడులో డోపమిన్ అనే పదార్థాన్నే రేపుతాయి. క్రమేణా ఒకటి మరొకదానికి గుర్తుగా మారుతుంది. ఫోను పట్టగానే చేయి పొట్లం కోసం వెదుకుతుంది.

2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక జూదాన్నీ, వీడియో ఆటల వ్యసనాన్నీ మాదకద్రవ్య వ్యసనాల సరసనే చేర్చింది. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్రం చట్టం చేసింది. చాటు గుంపులు మాత్రం ఇంకా పిలుస్తూనే ఉన్నాయి.

తెలిసి తెలిసి చేసే ఈ తప్పును చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు. చెడ్డ అలవాటును ఒక్కసారిగా కాక, పాదం పాదంగా, అనగా నాలుగవ వంతు చొప్పున విడువమనీ, ఆ వంతు స్థానంలో హితమైనదానిని నింపమనీ ఆయన ఉపదేశం. ఆ యువకునికి అదే చెప్పాను. రాత్రి ఫోను నాలుగు గంటలు. మొదట ఒక గంట తగ్గింపు. ఆ గంటలో అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, ఒక గ్లాసు ఎనుము పాలు. ఖైనీ తలపు వచ్చినపుడు ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్క. (ఇది చెబుతుండగా నా జేబులోని ఫోనే రెండుసార్లు మ్రోగింది, ఆ తల్లి నవ్వింది.)

పందేనికి మాత్రం పాదాంశం లేదు. ఆ గుంపులన్నిటినీ నా ఎదుటే తొలగింపజేశాను. అతనిది అప్పుడప్పుడు తాగే అలవాటు కనుక మద్యం వెంటనే మానమన్నాను. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు రావచ్చు. వారు ఆసుపత్రి పర్యవేక్షణలోనే మానాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్యులున్నారు. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండు నెలల తరువాత వచ్చాడు. ఫోను వంటింట్లో పెట్టి పడుకుంటున్నాడట. ఖైనీ రోజుకు ఒక్కసారికి దిగింది. గాజుల సంగతి తల్లికి తానే చెప్పాడు. జీతంలోనుండి నెలనెలా కట్టి విడిపిస్తున్నాడు.