బరువు తగ్గుటకు బరువైన రుసుము కావలెనా?

కోరుట్లలో ఉంటున్న మా అక్క నిరుడు ఒక ఆహార నియమ కార్యక్రమంలో చేరి, మూడు నెలలకు పన్నెండు వేల రూపాయలు చెల్లించింది. సిరిసిల్లలో బట్టల దుకాణం నడిపే మా తమ్ముడు అదే సమయంలో పైసా ఖర్చు లేకుండా సెల్‌ఫోనులో కెలోరీల లెక్క వ్రాసుకోసాగాడు. జగిత్యాలలో లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన నాకు ఇద్దరి లెక్కలూ పరిశీలించే పని పడింది.

అక్కకు ఇచ్చిన పట్టికలో రాత్రి భోజనానికి బదులు డబ్బాపొడి కలిపిన పానీయం ఉన్నది. ఆమెకు పదేళ్లుగా మధుమేహం. భోజనం తగ్గింది గాని మాత్రలు యథాప్రకారం సాగాయి. ఇరవయ్యవ రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. స్పృహలోనే ఉన్నందున చక్కెర నీళ్లు త్రాగించగా తేరుకున్నది. రక్తంలో చక్కెర పడిపోయిందని డాక్టరు చెప్పి మాత్రల మోతాదు మార్చారు. ఇక మానివేయమన్నాను. "పైసలు కట్టిన గద తమ్మీ, నడుమ ఎట్ల విడుస్త?" అన్నది అక్క. రుసుము చేసే పని ఇదే. మనిషిని కట్టిపడవేస్తుంది. బద్ధకస్తులకు అది మేలు కూడా చేయవచ్చు.

తమ్ముని చిక్కు వేరు. ఫోనులో పిజ్జా ఉన్నది, సర్వప్ప లేదు! జొన్నరొట్టె 'ఒకటి' అని వ్రాశాడు. మా మరదలు చేసే రొట్టె పళ్లెమంత ఉంటుంది. పైగా అన్నం మాని రొట్టెలు తింటున్నా బరువు తగ్గలేదని వాపోయాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల బియ్యంలో సుమారు 356, జొన్నలలో 334 కెలోరీలు. తేడా స్వల్పమే. పీచు మాత్రం జొన్నలలో సుమారు 10 గ్రాములు, బియ్యంలో మూడులోపు. అందువల్ల కడుపు త్వరగా నిండుతుంది గాని, లెక్కలేకుండా తింటే ఫలితమేమి?

అసలు దొంగ నూనె సీసాలో దొరికాడు. నలుగురున్న ఆ ఇంట్లో లీటరు నూనె అయిదు రోజులకే ఖర్చవుతున్నది. లీటరు సుమారు 910 గ్రాములు. గ్రాముకు 9 కెలోరీలు. అనగా మనిషికి రోజుకు 45 గ్రాములు, 400 కెలోరీలకు పైమాట. అదే సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో 2000 కెలోరీల దినాహారానికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములే.

చరక సంహిత విమానస్థానంలో ఆహార విషయమై చెప్పిన ఎనిమిది అంశాలలో 'రాశి' ఒకటి. భోజనం మొత్తం పరిమాణం సర్వగ్రహం. అందులో ఒక్కొక్క పదార్థం పరిమాణం పరిగ్రహం. తమ్ముడు సర్వగ్రహం చూసుకొని తృప్తిపడ్డాడు, దోషం పరిగ్రహంలో ఉన్నది. అక్క పట్టికలో లోపించినది ఎనిమిదవ అంశమైన 'ఉపయోక్త', అనగా తినే మనిషి. ఆమె మాత్రల చీటీని ఆ పట్టిక ఇచ్చినవారు అడగనే లేదు.

పాఠకులు రుసుము కట్టదలచినచో ముందు ఆ ఒక్క సంగతి గమనించండి. చీటీ చూసి, డాక్టరుతో సంప్రదించి పట్టిక వ్రాసే అర్హత గల ఆహార నిపుణులకు ఇచ్చిన సొమ్ము వృథా కాదు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి గలవారు, గర్భిణులు ఉచిత లెక్కను నమ్ముకొని సొంతంగా భోజనం తగ్గించరాదు. తక్కినవారికి మొదటి నెల ఒక నోటుపుస్తకం, వంటింటి త్రాసు చాలునని నా అభిప్రాయం. జాతీయ పోషకాహార సంస్థ 2019లో 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే ఉచిత సాధనాన్ని కూడా విడుదల చేసింది.

తమ్ముడు నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాడు. అక్క గడువు ముగియగానే ఆసుపత్రిలోని ఆహార నిపుణురాలి వద్దకు వెళ్లింది. ఇప్పుడు రాత్రికి ఒక జొన్నరొట్టె, పెసరపప్పు, తోటకూర. నూనె సీసా మీద సుద్దతో వారానికొక గీత గీస్తున్నది.