కొత్త కెమెరాలో మచ్చలు: తప్పు మనదా, కంపెనీదా?

హోసూరులో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, సీమంతాలు, గృహప్రవేశాలే మాకు కూడు పెట్టేవి. కిందటేడు ముహూర్తాలకు ముందు అప్పు చేసి బెంగళూరులో కొత్త కెమెరా కొన్నాం. రెండో నెలకే, ఆరుబయట ఎండలో తీసిన పెళ్ళి ఫోటోల్లో, మధుపర్కాల తెలుపు మీద సన్నటి నల్లమచ్చలు కనిపించాయి. దుకాణంవాళ్ళు "దుమ్ము పడింది, తుడిపించుకోండి" అన్నారు. తుడిపిస్తే పోయాయి, మూడు వారాల్లో మళ్ళీ వచ్చాయి.

మన ఊళ్ళలో ఈ పనిమీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, మేము నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాం.

ముందు లోపాన్ని రుజువు చేయండి

ఎపర్చర్‌ను ఎఫ్/16 దగ్గర పెట్టి తెల్లగోడనో, మబ్బులేని ఆకాశాన్నో ఫోటో తీయండి. లెన్సు మార్చి మళ్ళీ తీయండి. మచ్చలు రెండింటిలోనూ అదే చోట ఉంటే అవి లెన్సువి కావు, సెన్సార్ మీదివి. తుడిపించిన రోజున ఒకటి, తర్వాత వారానికొకటి చొప్పున ఇలా తీసి, తేదీలతో సహా అసలు ఫైళ్ళను దాచండి. బయటి దుమ్ము ఎప్పుడో ఒకసారి పడుతుంది. తుడిచిన కొద్దిరోజులకే మళ్ళీ మళ్ళీ మచ్చలు వస్తుంటే లోపల షట్టర్‌ను అనుమానించాలి.

ఇది కొత్త సంగతి కాదు. 2012లో వచ్చిన నికాన్ డీ600లో సెన్సార్ మీద ఇలాంటి మచ్చలే పడ్డాయి. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ, వారంటీ దాటినవాటికి కూడా ఉచితంగా శుభ్రం చేసి, షట్టర్ మార్చి ఇస్తామని ప్రకటించింది. మాది ఆ కంపెనీ కెమెరా కాదు గానీ, ఆ కథ మాకు ధైర్యమిచ్చింది. ఒకే లోపం ఎందరికో ఉందని తేలితే పెద్ద కంపెనీ కూడా దిగివస్తుంది. అందుకే మీ మోడల్‌కు కంపెనీ ఏదైనా సర్వీస్ ప్రకటన ఇచ్చిందేమో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూడండి.

నోటిమాట వద్దు, కాగితం కావాలి

కెమెరాను కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే ఇవ్వండి. బయట విప్పిస్తే వారంటీ పోయిందనే వీలు వాళ్ళకు దొరుకుతుంది. ఇచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ తీసుకోండి. అందులో "క్లీనింగ్" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, "మచ్చలు మళ్ళీ వచ్చాయి" అని రాయించండి. లోపం వారంటీలోనే బయటపడిందని చెప్పేది ఆ కాగితమే. కంపెనీకి ఈమెయిల్ కూడా పంపండి.

కొనేటప్పుడే సీరియల్ నంబరు ఉన్న బిల్లు అడగండి. బిల్లు లేకుండా చవగ్గా దొరికే దిగుమతి సరుకుకు ఇక్కడి కంపెనీ వారంటీ ఇవ్వకపోవచ్చు.

స్టూడియోవాళ్ళకు ముఖ్యమైన మెలిక

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్ళు వినియోగదారులు కారు. కంపెనీ లాయర్లు ముందుగా పట్టుకునేది దీన్నే. కానీ అదే చట్టంలో మినహాయింపు ఉంది: సొంతంగా పనిచేసుకుంటూ, కేవలం బతుకుతెరువు కోసం కొన్నవాళ్ళు వినియోగదారులే. కాబట్టి ఫిర్యాదులో "ఈ కెమెరాతో నేనే పనిచేస్తాను, నా కుటుంబ పోషణ దీనిమీదే" అని స్పష్టంగా రాయాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడవచ్చు. భాష రాదని జంకే పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పండి.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ఊరికే వెళ్ళనక్కర్లేదు, మీరు ఉండే చోటో పనిచేసే చోటో ఫిర్యాదు చేయవచ్చు. బెంగళూరులో కొన్న మేము తమిళనాడులోని మా జిల్లాలోనే వేయవచ్చన్నమాట. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు. దుకాణాన్ని, తయారీ కంపెనీని ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరిమీద ఒకరు తోసేసుకుంటారు.

గడువు మాత్రం మరవకండి. వివాదానికి కారణం ఏర్పడినప్పటినుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే ఆ గడువు పెరగదు.

మాకు కమిషన్ దాకా వెళ్ళే అవసరం పడలేదు. మూడు జాబ్ షీట్లు, తేదీలున్న తెల్లగోడ ఫోటోలు జతచేసి 1915 ద్వారా ఫిర్యాదు పంపాక కంపెనీ షట్టర్ మొత్తం ఉచితంగా మార్చింది. ఆ పెళ్ళివారి ఫోటోల్లో మచ్చలు మాత్రం మేమే రాత్రుళ్ళు కూర్చుని ఒక్కొక్కటిగా తుడిచాం. కొత్త కెమెరా కొన్న రోజే తెల్లగోడ ముందు పెట్టి చూసి ఉంటే, లోపం ఎప్పుడు మొదలైందో మొదటినుంచీ మా చేతిలో రుజువు ఉండేది.